అంగుళం లోతు గాడి

మా మేనత్త భర్తను అందరూ పట్టీ మేస్త్రి అంటారు. రేకుల కప్పు వచ్చి గోడకు ఆనుకునే చోట ఎప్పుడూ ఒక సందు మిగులుతుంది. గోడ కట్టిన తాపీ మేస్త్రి అది నా పని కాదంటాడు. రేకులు వేసినవాడు నా పని అంతకంటే కాదంటాడు. ఇద్దరూ చేతులు దులుపుకుని వెళ్ళిపోయాక మొదటి వానకు ఆ సందులోంచి నీళ్ళు ఇంట్లోకి దిగుతాయి. అప్పుడు అందరికీ మా మావయ్య గుర్తొస్తాడు.

చూడ్డానికి చిన్న పనే. కప్పుకు జానెడు పైన గోడ మీద తాడు పట్టి గీత కొడతాడు. ఆ గీత వెంట సిమెంటు పూతను కోసి, వెనకున్న ఇటుకలోకి అంగుళం లోతున గాడి తీస్తాడు. పల్చటి రేకును పొడుగాటి పట్టీలా వంచి, పై అంచును గాడిలోకి దూర్చి, కింది అంచును కప్పు మీద పరుస్తాడు. గోడ మీద జారే నీరు పట్టీ మీదకూ, అక్కడినుంచి కప్పు మీదకూ, ఆపైన బయటికీ పోతుంది. గాడి కొయ్యకుండా సందులో తారు కుక్కేసి వెళ్ళిపోయేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. "ఎండకు రేకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. గోడ మాత్రం కదలదు. కదిలేదాన్నీ కదలనిదాన్నీ కలిపి అతికిస్తే ఎన్నాళ్ళుంటుంది? మహా అయితే ఒక వేసవి" అనేవాడు. ఈ మాట ఆయన నోట వందసార్లు విన్నాను. 'కదలనిదాన్ని' అన్నప్పుడల్లా ఆయన చూపు మా నాన్న కుర్చీ వైపు పోయేదని నా అనుమానం.

ఇంత పనిమంతుడి సొంత గది పంతొమ్మిదేళ్ళు కురిసింది. దానికి మొదటి కారణం నేను.

నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. నన్ను చూసుకోవడానికి అత్తయ్య పది రోజులకని వచ్చింది. పది రోజులు నెలయింది. నేను అత్తయ్య కొంగు వదిలితే ఏడుపు, పట్టుకుంటే నిద్ర. నెల దాటాక మావయ్యే ఒక ట్రంకు పెట్టె, రేకు కత్తెర, చెక్క సుత్తి తీసుకుని మా ఇంటికొచ్చాడు. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో మూడు గోడలు లేపి, పైన రేకులు వేసుకున్నాడు. నాలుగో గోడ మాది. పద్నాలుగు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. వీధిలోవాళ్ళు నవ్వుతూ "మావగారు లేని ఇల్లరికం" అన్నారు. మావయ్య కూడా నవ్వాడట. అప్పట్లో ఆయనకు నవ్వడం బాగానే వచ్చేదని అత్తయ్య చెప్పింది.

రేకులు వేశాక గాడి కొయ్యాలి. మా నాన్న ఒక గోడౌన్లో స్టోర్‌కీపరు. తాళాలతో బతికే మనిషి. తన చేత్తో తియ్యని తలుపు ఎవరు తీసినా సహించడు. ఆయన డ్యూటీలో ఉండగా మావయ్య ఉలీ సుత్తీ పట్టుకుని పని మొదలుపెట్టాడు. అడగాలని ఆయనకు తట్టలేదు. ఇంట్లో మనిషిని కదా అనుకున్నాడు. మూర పొడవు గాడి పడిందో లేదో, ఆ అదురుకు గోడకు అటువైపు తగిలించిన అమ్మ ఫోటో కిందపడి అద్దం పగిలింది. సరిగ్గా అప్పుడే నాన్న భోజనానికి వచ్చాడు.

"నన్నడక్కుండా నా గోడ మీద చెయ్యి వేస్తావా?" అన్నాడు నాన్న.

"నీ గోడా?" అన్నాడు మావయ్య. ఉలి సంచిలో వేసుకుని నిచ్చెన దిగిపోయాడు.

ఫోటో పగిలినందుకు నాన్న ఏడ్చి ఉంటే సరిపోయేది. ఆయన ఏడవలేదు, మాట్లాడటం మానేశాడు. మావయ్య క్షమించమని అడిగి ఉన్నా సరిపోయేది. ఆయన అడగలేదు. మగవాళ్ళ పౌరుషం సంగతి నాకు చిన్నప్పుడే అర్థమైంది. అది ఒకే గోడకు రెండు వైపులా కూర్చుని ఉంటుంది, మధ్యలో అన్నం వడ్డించడానికి ఒక ఆడది ఉంటుంది.

మూర పొడవు గాడిలో తారు కుక్కి, మిగతా సందంతా సిమెంటు మెత్తి, ఊళ్ళో ఎవరికీ చెయ్యని పాపిష్టి పని తన గదికి తానే చేసుకున్నాడు మావయ్య. ఆయన చెప్పినట్టే ఒక వేసవి ఆగింది. ఆ తర్వాత నుంచి ప్రతి ఏడూ వానాకాలం రాగానే గదిలో బకెట్టు, గిన్నె, పాత పెయింటు డబ్బా వరసగా నిలబడేవి. మంచం ఏటా రెండడుగులు జరిగేది. అత్తయ్య కుట్టుమిషను మీద ఎప్పుడూ ప్లాస్టిక్ పట్టా. వానలో తడవకుండా ఇంట్లో ఉన్న మనిషి ఇంట్లోనే తడవడం చూస్తే కోపం రాకుండా ఎలా ఉంటుంది? నాకు వచ్చేది. "అడగొచ్చు కదా మావయ్యా" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదాన్ని.

"అడిగితే ఇస్తాడే కోడలా. ఇస్తే తీసుకోవాలి కదా. అదే నా వల్ల కాదు" అనేవాడు.

ఆ గదిలోంచి బయటికి వెళ్ళడానికి వేరే దారి లేదు. మా వరండాలోంచే, నాన్న కుర్చీ ముందునుంచే వెళ్ళాలి. మావయ్య ప్రతిసారీ ముందు దగ్గేవాడు. నాన్న కాళ్ళు వెనక్కి లాక్కునేవాడు. పొద్దున పనికి వెళ్ళేటప్పుడు ఒక దగ్గు, వచ్చేటప్పుడు ఒక దగ్గు. గేటుకు తాళం నాన్నే వేసేవాడు, తీసేవాడు. దానికి ఒకటే తాళంచెవి, అది నాన్న మొలతాడుకే ఉండేది. ఏభై రెండేళ్ళ మనిషి, ఊరందరి ఇళ్ళ మీదకూ ఎక్కి దిగేవాడు, తను పడుకునే చోటికి తాళంచెవి లేకుండా బతికాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే నాన్న అత్తయ్యతో "మీ ఆయనకు చెప్పు, నల్లా దగ్గర సబ్బు నీళ్ళు నిలుస్తున్నాయి" అనేవాడు. మావయ్య మూడడుగుల దూరంలోనే ఉండేవాడు.

ఇక ఆ ఏడు సంగతి. అప్పటికి నాకు ఇరవై రెండు. కళ్ళద్దాల షాపులో పనిచేస్తున్నాను. నేను పనికి వెళ్ళే దారిలో ఒక కలప డిపో ఉంది. దాని మీద రెండు గదులు ఖాళీ అయ్యాయి. డిపో యజమాని సొంత ఇంటి కప్పుకు ఎప్పుడో మావయ్య పట్టీలు వేశాడు, అవి ఇప్పటికీ చుక్క కారనివ్వలేదు. "నీలాంటివాడు పైనుంటే నాకూ నిశ్చింత" అని ఆయన తాళంచెవి తీసి మావయ్య చేతిలో పెట్టాడు.

మావయ్య ఆ తాళంచెవి తెచ్చి అత్తయ్య ముందు మిషను బల్ల మీద పెట్టాడట. "నాకు ఊపిరాడటం లేదే. ఇక వెళ్దాం" అన్నాడట. పంతొమ్మిదేళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అత్తయ్యకు పుట్టిన ఇల్లు వదలాలంటే ప్రాణం పోయినంత పని. ఆవిడ మూడో రోజు ఒక మాటకు వచ్చింది. "ఈ ఏడు మొదటి వానకు గది కురిస్తే మీ వెంట వచ్చేస్తాను, ఎందుకని అడగను. కురవకపోతే మాత్రం వెళ్దామన్న మాట మీరు జన్మలో ఎత్తకూడదు. మీరు మా అన్నయ్యను అడగొద్దు, నేనూ అడగను" అంది.

మావయ్య వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోక? సందు అలాగే ఉంది, గోడ అలాగే ఉంది, నాన్న అంతకంటే గట్టిగా ఉన్నాడు. గది కురవకుండా ఎలా ఉంటుంది? ఆ రోజునుంచీ మనిషి మారిపోయాడు. రోజూ గడ్డం గీసుకునేవాడు. ఈల వేసేవాడు. ఒకరోజు నాన్న కుర్చీ ముందునుంచి దగ్గకుండా వెళ్ళిపోయాడు. నాన్న కాళ్ళు వెనక్కి తీసుకునే వ్యవధి కూడా లేక బిత్తరపోయాడు. మావయ్యకు ఏదో పెద్ద పని దొరికిందనుకున్నాను నేను.

ఈ ఒప్పందం సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే నా నోరు కుట్టేసుకుని ఉండేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున ఇల్లు సర్దుతూ నాన్న గదిలో బీరువా జరిపాను. వెనక గోడ నడుం ఎత్తు వరకూ నల్లగా ఉంది. వేలు పెడితే సున్నం పిండిలా రాలింది. ప్రతి ఏడూ ఈయన తలుపు వేసుకుని ఈ ఒక్క గోడకు రంగు ఎందుకు వేస్తాడో అప్పుడు తెలిసింది. అటు బకెట్టులో పడని నీళ్ళన్నీ ఇటు గోడలోకి దిగుతున్నాయి. ఇద్దరూ సమానంగానే నానుతున్నారు. ఒకరు గిన్నెలు పెట్టుకున్నారు, ఒకరు బీరువా పెట్టుకున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది. తలెత్తి చూసేసరికి ఆ నవ్వు పోయింది. అదే గోడకు పైన అమ్మ ఫోటో ఉంది. కొత్త అద్దం వేయించి, పంతానికి మళ్ళీ అక్కడే తగిలించాడు నాన్న. అద్దం లోపల కింది మూలనుంచి చెమ్మ ఎక్కి, అమ్మ భుజం మీదుగా గడ్డం వరకూ బూజు పాకింది.

నేను ఫోటో దించలేదు. వరండాలోకి వెళ్ళి నాన్న ముందు నిలబడ్డాను.

"నాన్నా, అమ్మ ఫోటోలోకి నీళ్ళెక్కాయి. ఇంకో వానాకాలం పోతే మొహం ఉండదు. ఏ ఫోటో పగిలిందని మావయ్యతో మాట్లాడటం మానేశావో, ఆ ఫోటోనే నీ పంతం తినేస్తోంది. చూసుకో."

"బూజు తుడిస్తే పోతుందిలే" అన్నాడు నాన్న.

"అత్తయ్య తన సంసారం వదిలేసి నన్ను పెంచింది. నీకు అంగుళం గోడ బరువైపోయిందా?"

అంత పెద్ద మాట ఆయన్ను నేనెప్పుడూ అనలేదు. చెంప మీద ఒకటి పడుతుందనే అనుకున్నాను. ఆయన లేచి గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి చూస్తే అమ్మ ఫోటోను తువ్వాల్లో చుట్టి మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత చెప్పులు వేసుకోకుండా వెనక గది గుమ్మం దగ్గరికి నడిచి వెళ్ళాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి. గుమ్మం బయట నిలబడి, దగ్గాడు.

మావయ్య బయటికొచ్చాడు.

"బావా, తప్పు నాదే. గోడ కొయ్యి" అన్నాడు నాన్న.

అత్తయ్య చేతిలో గుడ్డ జారి కిందపడింది. నేను సంతోషంతో ఏడుస్తున్నాను. మావయ్య మాత్రం మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. మొహంలో రక్తం లేదు.

"ఇప్పుడా?" అన్నాడు.

"ఆలస్యమైందిలే. ఇవాళే కోసెయ్యి. మబ్బులు చూస్తే వారంలో వాన పడేలా ఉంది" అన్నాడు నాన్న, అదేదో తను ఇస్తున్న వరమైనట్టు. నేనూ అలాగే అనుకున్నాను. "ఏంటి మావయ్యా అలా నిలబడ్డావ్? నీకోసం నేను తిట్లు తినడానికి కూడా సిద్ధపడ్డాను తెలుసా?" అని నిచ్చెన నేనే తెచ్చి గోడకు ఆనించాను.

ఆ రోజు ఆయన పని చేస్తుంటే కింద నిలబడి మొత్తం చూశాను. తాడు పట్టి గీత కొట్టాడు. ఉలితో పాత తారంతా పెళ్ళగించాడు. కోత మిషనుతో గీత వెంట వెళ్తుంటే ఎర్రటి ఇటుక దుమ్ము ఆయన జుట్టు నిండా పడింది. మధ్యలో ఇంట్లోకి తొంగి చూస్తే నాన్న రెండు అరచేతులూ గోడకు ఆనించి నిలబడ్డాడు, ఎందుకో నాకు తెలియదు, రాలే ఫోటో కూడా లేదక్కడ. గాడి పూర్తయ్యాక మావయ్య బ్రష్షుతో దుమ్ము తుడిచి, కిందికి దిగి, నాలుగు పట్టీలు వంచాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పట్టీ పై అంచును ఆయన గోరంత వెడల్పున వెనక్కి మడుస్తాడు. గాడిలోకి పోయాక ఆ మడతే పట్టీని పట్టి ఉంచుతుంది. అది లేకపోతే మొదటి గాలివానకే పట్టీ ఊడి లేస్తుంది. పైన సిమెంటు నింపేశాక లోపల మడత ఉందో లేదో చేసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. దాన్ని చూసి మనిషి మంచివాడో దొంగో చెప్పొచ్చని ఆయనే నాకు నేర్పాడు.

మూడు పట్టీలకు మడత ఉంది. నాలుగోదానికి లేదు. నా కళ్ళతో నేను చూశాను. మర్చిపోయాడనుకున్నాను. "మావయ్యా, దానికి అంచు మడవలేదు" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. నిచ్చెన ఎక్కి, నాలుగో పట్టీని గాడిలో పెట్టాడు. చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు. మిషను ముందు కూర్చున్న అత్తయ్య కుట్టడం ఆపి, కిటికీలోంచి ఆయన పాదాల వంక చూస్తూ ఉంది. నేను ఇంకోసారి పిలవబోతే నోటి మీద వేలు పెట్టి వద్దంది. ఆయన ఎంతసేపు అలా ఉన్నాడో నాకు తెలియదు, నా మెడ నొప్పి పుట్టింది. చివరికి పట్టీని బయటికి లాగాడు. మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగాడు. బల్ల మీద పెట్టి, చెక్క సుత్తితో అంచును వెనక్కి మడిచాడు. మామూలుగా నాలుగు దెబ్బలు చాలు. ఆ రోజు పది పన్నెండు దెబ్బలు కొట్టాడు.

"పంతొమ్మిదేళ్ళు తారు పూసుకుని బతికాను. ఇంకోసారి చెయ్యడానికి చెయ్యి రావడం లేదు" అన్నాడు. నాతో కాదు, అత్తయ్యతో. అత్తయ్య తల దించుకుని మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

వారం కాదు, పదకొండో రోజు వాన పడింది. సాయంత్రం అందరం ఇంట్లోనే ఉన్నాం. అలాంటి ఇలాంటి వాన కాదు, గాలితో కలిసి గోడను కొట్టింది. అలవాటు కొద్దీ అత్తయ్య బకెట్టూ గిన్నే డబ్బా వరసగా పెట్టింది. మావయ్య మంచం మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, గోడా కప్పూ కలిసే చోటునే చూస్తూ ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూస్తున్నాను. గర్వపడతాడనుకున్నాను. ఆ చూపులో గర్వం లేదు. బస్సు కోసం నిలబడ్డవాడు రోడ్డు చివరికి చూసే చూపు అది.

అరగంట అయింది, గంట అయింది. బకెట్టు పొడిగానే ఉంది.

"బావా, కారుతోందా?" గోడ అవతలనుంచి నాన్న కేకేశాడు. పంతొమ్మిదేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు అప్పటికి పదిసార్లు బావా అని పిలిచి ఉంటాడు ఆ రోజు.

"లేదు బావా" అన్నాడు మావయ్య.

అత్తయ్య బకెట్టు తీసి బయట పెట్టింది. తర్వాత గిన్నె. ఆఖరికి పెయింటు డబ్బా. ప్రతిసారీ ఆయన ముందునుంచే వెళ్ళింది, ఆయన వంక చూడలేదు. డబ్బా బయట పెట్టి వచ్చి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, ఒప్పందం సంగతంతా చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెబితే నువ్వు ఆయన వైపు ఉంటావే."

"అవును, ఉండేదాన్ని."

"అందుకే చెప్పలేదు" అంది. ఆవిడ ఏడవలేదు. గెలిచినట్టు కూడా లేదు. అత్తయ్య మీద కోపం తెచ్చుకుందామని చూశాను. నన్నెత్తుకుని తిరిగిన చేతులు కళ్ళముందు ఉంటే కోపం ఎలా వస్తుంది? అప్పటినుంచీ ఆ కోపమంతా నా మీదే పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే మావయ్య పిలిచి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "డిపో నీ దారిలోనే కదా. ఇచ్చెయ్యి. మేస్త్రికి కుదర్లేదట అని చెప్పు."

నేరుగా ఇచ్చేస్తే బాగుండేది. నా బుద్ధి ఊరుకోక, మెట్లెక్కి పైకెళ్ళి తాళం తీశాను. రెండు గదులు, నాలుగు కిటికీలు, ముందు చిన్న డాబా. నాలుగు వైపులా ఖాళీ. ఆ కప్పు ఎవరి గోడకూ ఆనుకుని లేదు, దానికి పట్టీతో పనే లేదు. గోడల మీద పెన్సిలుతో మావయ్య కొలతలు గీసుకున్నాడు. తూర్పు కిటికీ కింద 'మిషను ఇక్కడ, వెలుతురు బాగుంది' అని రాసి ఉంది. లోపలి గదిలో 'మంచం' అని. డాబా తలుపు పక్కన ఒక మేకు కొట్టి, దాని కింద చిన్న అక్షరాలతో 'తాళంచెవి' అని రాసుకున్నాడు. నేల మీద ఒక మూల గీసిన చదరంలో 'కోడలు వస్తే' అని ఉంది. అక్కడ ఒక పరుపు పట్టేంత చోటు వదిలాడు.

ఎంతసేపు కూర్చున్నానో ఆ చదరంలో. షాపుకు ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాన పడుతూనే ఉంది. నాన్న, మావయ్య వరండాలో పక్కపక్కన కూర్చున్నారు. నాన్న గోడౌన్ కబుర్లు చెబుతున్నాడు, చెబుతూనే ఉన్నాడు. ఆయనకు దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. మావయ్య తల ఊపుతున్నాడు. నాన్న లోపలికి వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను మావయ్యా."

"పైకి వెళ్ళావా?"

నేను తల దించుకున్నాను.

"వెళ్ళి ఉంటావనుకున్నా. గోడల మీద గీతలున్నాయి. కొత్తగా వచ్చేవాళ్ళకు బాగుండదు. తుడిచావా?"

"తుడిచాను" అన్నాను.

తుడవలేదు. తడి గుడ్డ తీసుకుని రెండుసార్లు లేచాను, రెండుసార్లూ చెయ్యి రాలేదు.